ఉప్పుకి దారి

నీళ్ళు తీపెక్కాయి.

దోసిట్లో తీసుకుని నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు లేదు. ఉమ్మేశాను. మళ్ళీ తీసుకున్నాను... లేదు. ఉప్పు ఆనవాలైనా లేదు.

తాగేవాళ్ళకి తీపి నీళ్ళు వరం కావచ్చు. మాకు కాదు. మాది ఉప్పూ తీపీ కలిసిన సరస్సు. తీపి ఏటి నుంచి, ఉప్పు సముద్రం నుంచి. రెండూ కలిస్తేనే రొయ్య. రెండూ కలిస్తేనే పీత. రెండూ కలిస్తేనే మేము.

సరస్సు సముద్రంలో కలిసే చోటును మేము మొగ అంటాం.

ఆ మొగ పూడిపోయింది.

అలలు ఇసుక తెచ్చి పోశాయి... పోశాయి... ఇప్పుడక్కడ దారి లేదు, దిబ్బ ఉంది. అవతల సముద్రం అరుస్తూనే ఉంది. ఇవతల మా సరస్సు వాన నీళ్ళు తాగి, పొట్ట ఉబ్బి, కదలకుండా పడుకుంది. గుర్రపుడెక్క ఒడ్డంతా పాకింది. పీతలు వెల్లకిలా తేలాయి. మా ఆయన వల చుట్టి అటక మీద పడేసి, ఎవరిదో పడవ మీద కూలికి వేరే రేవుకి వెళ్ళిపోయాడు. ఊళ్ళో మగవాళ్ళంతా అలాగే వెళ్ళిపోయారు.

మొగ పూడడం కొత్త కాదు. పూడుతుంది, తవ్వుతాం, తెరుచుకుంటుంది. ఎప్పుడూ ఉన్నదే.

ఈసారి మాత్రం ఆ దిబ్బ మీద రోడ్డు వేస్తారట.

రోడ్డు పడిందా, ఇక తవ్వనివ్వరు. రోడ్డుని తవ్వడం నేరం. మొగ శాశ్వతంగా మూసుకుపోతుంది. సరస్సు చెరువవుతుంది, చెరువు బురదవుతుంది, బురద ఎవడిదో స్థలం అవుతుంది. మా ఆయన ఇక రాడు. వచ్చినా, ఏం పట్టుకోవడానికి రావాలి?

ఇంతకీ ఆ రోడ్డు వేసేది ఎవరు?

నా తమ్ముడు.

నా తోడబుట్టినవాడు. నేను చెయ్యి పట్టుకుని ఈ నీళ్ళలోనే ఈత నేర్పినవాడు. ఇప్పుడు కాంట్రాక్టరు. మట్టి తవ్వే మిషను ఒకటి కొన్నాడు. వాడికున్నది ఆ ఒక్కటే. దానికి రోజూ కడుగుడు, తుడుపు... పెళ్ళాన్ని కూడా అంత బాగా చూసుకోడు.

"పూడిపోయిన దాని మీదే కదక్కా వేస్తున్నా. నీ సరస్సుని నేనేమైనా ముట్టుకున్నానా?"

"పీక మీద కాలు పెట్టి, ఒంటి మీద చెయ్యి వెయ్యలేదంటావేంట్రా?"

"కింద తూములు పెడతాంలే."

"రొయ్యపిల్లలు వరసలో నిలబడి తూముల్లోంచి వస్తాయా, బడికి వచ్చినట్టు?"

నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

ఆడవాళ్ళం పారలు పట్టాం. తట్టలు పట్టాం. మిషను చప్పుడు పక్కనే వినిపిస్తుండగా... తవ్వాం. ఇసుక జారింది, మళ్ళీ తవ్వాం. అరచేతులు బొబ్బలెక్కాయి, గుడ్డ చుట్టి తవ్వాం. కాలువ తీశాం.

తీసి... పోటు మీద తెరిచాం.

సముద్రాన్ని లోపలికి పిలవాలి కదా! అది పొంగుతున్నప్పుడేగా పిలవాల్సింది? అలా అనుకున్నాం. ఇన్నేళ్ళూ తవ్విందీ తెరిచిందీ మగవాళ్ళు. మేము వాళ్ళకి అన్నం మోసినవాళ్ళం. పైగా ఉప్పుకి మొహం వాచిపోయి ఉన్నాం.

వచ్చింది సముద్రం. వస్తూ వస్తూ ఇసుక మోసుకొచ్చింది. మేము తవ్విందంతా మా కళ్ళ ముందే నింపేసి, చక్కా వెనక్కి వెళ్ళిపోయింది.

"సముద్రం కూడా నా మనిషే అక్కా!"

మిషను పక్కన నిలబడి అరిచాడు తమ్ముడు. డ్రైవరు పడీ పడీ నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. అందరి ముందే, బురద చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాను.

ఇంటికి వెళితే మా అత్త ఇంకో దెబ్బ వేసింది. మోకాళ్ళు పట్టేసి మంచం దిగదు గానీ, నోటికి ఏ నొప్పీ లేదు.

"ఓసి మీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇల్లు ఊడ్చేటప్పుడు చెత్త బయటికి తోస్తావా, లోపలికా?"

"బయటికే."

"మరి? ముందు మన నీళ్ళు బయటికి పోవాలే. పోతూ పోతూ అవే దారి కోసుకుంటాయి. దారి పడ్డాక సముద్రాన్ని ఎవరూ పిలవక్కర్లేదు."

"ముందే చెప్పొచ్చుగా అత్తా!"

"అడిగి చచ్చావా?"

అడగలేదు. నిజమే.

మళ్ళీ తవ్వాం.

ఈసారి సరస్సు వైపు ఒక గట్టు వదిలేసి తవ్వాం. తమ్ముడు చూశాడు. ఆపుతాడేమో అనుకున్నాను — ఆపలేదు. "తవ్వుకోనీ, అదే పూడుతుంది" అని డ్రైవరుతో అంటూ, మిషన్ని మా కాలువ దాటించుకుని దిబ్బ అవతలి కొసకి తీసుకుపోయాడు. ఆ కొస దాటితే అంతా మోకాలి లోతు బురద. మనిషి నడవలేడు, మిషను కదల్లేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. పోటు అయిపోయింది.

సముద్రం తగ్గింది... ఇంకా తగ్గింది... తడి ఇసుక మెరుస్తూ దూరంగా బయటపడింది. సరస్సు మాత్రం ఎత్తులోనే ఉంది, నిండుగా.

"ఇప్పుడు!" అన్నాను.

గట్టు మీద పార దించాను. పక్కన ఇంకొకరు. ఇంకొకరు.

ముందు చెంబెడు నీళ్ళు. తర్వాత బిందెడు. తర్వాత... కొలవడానికి ఏదీ చాలలేదు.

పోయింది సరస్సు! ఇన్నాళ్ళు కదలకుండా పడుకున్నది లేచి పరిగెత్తింది. గట్టుని కోసింది, దిబ్బని కోసింది, రోడ్డు కోసం తమ్ముడు పోయించిన ఎర్రమట్టిని కోసింది. గుర్రపుడెక్క వేళ్ళతో సహా సముద్రంలోకి కొట్టుకుపోయింది. అంచులు విరిగి దభీ దభీమని పడుతుంటే, మేము వెనక్కి దూకుతూ, పిచ్చి పట్టినట్టు కేకలు వేశాం. ఎంత హాయో! ఎంత కసి తీరిందో!

సాయంత్రానికి సముద్రం తిరిగింది. పిలవకుండానే వచ్చింది. అల ఒకటి మొహాన కొడితే పెదాలు మండాయి, ఉప్పుతో మండాయి. నీళ్ళలో సన్నగా, గాజుముక్కల్లా రొయ్యపిల్లలు... వాటిని చూసి మళ్ళీ ఏడ్చాను. ఈ ఏడుపు వేరు.

"అక్కా!"

అవతలి ఒడ్డున తమ్ముడు. వాడి వెనక మిషను. మా మధ్య మొగ.

"అక్కా, పడవ తీసుకురా!"

"రోడ్డు మీద నడిచి రారా!" అని ఎవరో అరిచారు. ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, కడుపు పట్టుకుని.

అయినా వదిలేస్తానా? పడవ తీశాను.

వాడూ డ్రైవరూ ఎక్కారు. మిషను వైపు ఓసారి, నా వైపు ఓసారి చూశాడు తమ్ముడు. "అది ఎక్కదు నా పడవలో" అన్నాను. మొగ నడుమకి వచ్చేసరికి ప్రవాహం పడవని పక్కకి లాగింది. గెడ వంగింది. వాడు అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"రేపొచ్చి పూడ్చేస్తానక్కా. నా పని నేను చెయ్యాలిగా."

"పూడ్చు."

"నిజంగానే పూడ్చేస్తా."

"పూడ్చరా, వద్దన్నానా? అవతలున్న మిషను దగ్గరికి ఎట్లా వెళ్తావో అది చెప్పు."

వాడు ఒడ్డు వైపు చూశాడు.

అక్కడున్న పడవలన్నీ మావే. వాటి పక్కన ఆడవాళ్ళు పారలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరూ ఇంకా ఇంటికి వెళ్ళలేదు.