ఏడిస్తే వినపడని గది

బడి మధ్యలోనే ఆగిపోయినా చదవడం మాత్రం నేను మానలేదు. గొంతు బాగుందని, ఒక పురాతన సామ్రాజ్యం గురించిన పాత చరిత్ర గ్రంథాన్ని ఆడియో పుస్తకానికి చదివే పని నాకిచ్చారు. రికార్డు చేసే ఆయన మాటకు ముందు "ఉష్" అంటాడు కాబట్టి అందరికీ ఉష్ బాబాయే.

దోగాడే పాపను, నాతోపాటు స్టూడియోకి వచ్చి బయట కూర్చునే అత్తయ్య చూసుకుంటుంది. అయినా నేను చదివే అద్దాల గది తలుపు పడగానే నా గుండెల్లో రాయి పడేది. బయట పిడుగు పడ్డా లోపలికి వినపడదు.

ఆ రోజు శత్రువులు రాజధానిని చుట్టుముట్టిన ఘట్టం. చదువుతూ అద్దంలోంచి చూశాను. అత్తయ్య ఒడి ఖాళీ! కాగితాలతోనే బయటికి పరిగెత్తాను.

"పాపేదత్తయ్యా?"

"పక్క గదిలో పడుకోబెట్టానే. చీమ చిటుక్కుమన్నా లేస్తుంది కదా నీ కూతురు. అక్కడైతే చప్పుడుండదని..."

అది ఇద్దరు కలిసి చదివే రోజుల్లో వాడే గది. కిటికీ లేదు, ఏసీ ఆపేసి ఉంది. తలుపు లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. చెవి ఆనించాను. ఏడవడం లేదా? ఏడుస్తున్నా వినపడడం లేదా?

"బాబాయ్, ఆ గది మైకు పెట్టండి!"

స్పీకర్లోంచి ఏడుపు. గుక్క తిప్పుకోలేని ఏడుపు.

"ఉష్... నువ్వు ఈ మైకులో మాట్లాడమ్మా, లోపలి స్పీకర్లో దానికి వినపడుతుంది. తలుపు సంగతి నేను చూస్తా," అని బాబాయి స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

జోలపాట ఒక్కటీ గుర్తుకు రాలేదు. చేతిలో ఉన్నదే చదివాను. ఇంట్లో దాన్ని ఒళ్లో వేసుకుని సాధన చేసేవీ ఆ పేజీలే. "కోటలో ధాన్యం అడుగంటింది. చక్రవర్తి బురుజు దిగలేదు..."

ఏడుపు తగ్గింది. కాసేపటికి ఆగిపోయింది.

అసలు భయం అప్పుడు వేసింది.

"ఆపకే, చదువు," అంది అత్తయ్య. అక్షరాలు అలుక్కుపోతున్నా చదువుతూనే ఉన్నాను.

ఫట్‌మని తలుపు ఊడివచ్చింది. చెమటతో ముద్దయిన పాప స్పీకరు కింద కూర్చుని, వేలు చీకుతూ, చక్రవర్తి ఏమయ్యాడన్నట్టు పైకి చూస్తోంది.

దాన్ని గుండెకు అదుముకుని నేలమీద కూలబడ్డాను.

"ఉష్... ఇంకో పేజీయే ఉందమ్మా," అని నసిగాడు బాబాయి.

"ఎలాగూ కూలిపోయే సామ్రాజ్యమేగా! రేపు కూల్చుకుందురుగాని," అంటూ అత్తయ్య చెప్పులేసుకుంది. "పదవే ఇంటికి."