బల్ల కదలకుండా

ఎడమచేతి బొటనవేలితో బోర్డును నొక్కిపెట్టి, కుడిచేతిలోని సోల్డరింగ్ కడ్డీ మొనతో వెంట్రుకంత రాగితీగ కొసను చిప్పు పక్కనున్న చుక్కకు ఆనించాడు దూది. సీసం కరిగి తళుక్కుమని గట్టిపడింది. అతుకు పడింది. ముందుగదిలో అన్నయ్య ఫోనులో ఎవరినో బండబూతులు తిడుతున్నాడు. బయట వీధిలో ఇద్దరు బండ్లు తగిలించుకుని కాలర్లు పట్టుకున్నట్టున్నారు, ఎవరో విడదీస్తున్నారు, విడదీసేవాడికీ రెండు పడ్డాయి. దూది తలెత్తలేదు. ఇంకా కొన్ని తీగలు అతకాల్సి ఉంది.

అది పాత గేమ్ పెట్టెలు కొని, బాగుచేసి అమ్మే షాపు వెనకగది. కిటికీ లేదు. ట్యూబులైటు, ఒక పాత టీవీ, ఒక కాలు పొట్టిదైన బల్ల, ఆ కాలు కింద మడిచిపెట్టిన అట్టముక్క. గోడ నిండా మేకులు, మేకులకి అడాప్టర్లు, వైర్లు. ప్రతి వైరూ చిక్కుపడకుండా చుట్టి, కొసను లోపలికి దోపి తగిలించి ఉంటుంది. అలా తగిలిస్తే గాని అతనికి తోచదు. ముందుగదిలో అన్నయ్య వైర్లన్నీ ఒక అట్టపెట్టెలో కుక్కుతాడు. కావలసినప్పుడు ఒకటి పట్టుకుని లాగితే నాలుగు వస్తాయి. అప్పుడు తిట్లు కూడా నాలుగు వస్తాయి.

టీవీలో నిన్న బాగుచేసిన మరో గేమ్ పెట్టె నడుస్తోంది. తుపాకీ ఆట. మనుషులు పడిపోతున్నారు, తెరంతా ఎర్రగా చిమ్ముతోంది. రోజుకి అంతమందిని చంపించే దూదికి ఆ ఆటలో ఎవరు ఎవరిని ఎందుకు చంపుతున్నారో ఇప్పటికీ తెలియదు. బొమ్మ కదిలిందా, శబ్దం వచ్చిందా, అంతవరకే అతని పని.

యాభైకి దగ్గరపడ్డ మనిషి. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. ఎడమ చెవి పైభాగం నలిగి ముడుచుకుపోయింది. అది తండ్రి పుణ్యం. కుడి కనుబొమను రెండుగా చీల్చిన గీత అన్నయ్యది. కింది పలువరుసలో సందు కూడా అన్నయ్యదే. తండ్రి గోదాములో మూటలు మోసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి బెల్టు విప్పేవాడు. పెద్దవాడు పరిగెత్తి, దొరికి, రెండింతలు తినేవాడు. చిన్నవాడు నిలబడేవాడు. కదిలితే ఇంకొకటి పడుతుందని వాడికి చాలా చిన్నప్పుడే అర్థమైంది. ఊపిరి సగం తీసి ఆపేయాలి, భుజాలు వదిలేయాలి, చేతులు మాత్రం కదపకూడదు. "వీణ్ణి కొడుతుంటే దూదిని కొట్టినట్టుంది, చప్పుడే రాదు" అని తండ్రి ఒకసారి విసుగ్గా అన్నాడు. ఆ పేరు ఇంట్లో స్థిరపడి, వీధిలోకి వచ్చి, అసలు పేరును మింగేసింది. తండ్రి పోయాక ఇల్లూ బెల్టూ రెండూ అన్నయ్యకే వచ్చాయి.

ఆ కదలకుండా ఉండే విద్యే ఇప్పుడు అన్నం పెడుతోంది. ఈ బజారులో వెంట్రుకంత తీగను వణక్కుండా అతకగలిగే చెయ్యి అతనిదొక్కటే. అది గొప్ప అని అతను ఎన్నడూ అనుకోలేదు. ఎవరైనా మెచ్చుకుంటే సిగ్గుపడి స్టూలు సర్దుకునేవాడు. పెళ్ళాం మాత్రం ఆ కదలకపోవడాన్నే భరించలేకపోయింది. ఒకనాడు అన్నయ్య తన ఎదుటే మొగుడి చెంప పగలగొడితే, అదే రాత్రి బట్టలు సర్దుకుంది. "ఆయన కొట్టాడని కాదు నేను పోయేది. నువ్వు ఊరుకున్నావే, అందుకు" అంది. అప్పుడూ ఊరుకున్నాడు. ఆవిడ గుమ్మం దాటుతుంటే చార్జరు మర్చిపోయిందని గుర్తొచ్చి, వైరు చుట్టి చేతికిచ్చాడు.

ఇప్పుడు బల్లమీదున్న పెట్టె పొద్దున వచ్చింది. తెచ్చినావిడ ఆసుపత్రిలో ఆయా. ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకొచ్చింది.

"అన్నా, ఇది మాదే. ఎప్పుడో అమ్ముకున్నాం. మళ్ళీ మీ షాపులోనే కనబడితే కొనుక్కున్నా."

"మీదేనని ఎలా తెలిసిందమ్మా? ఇలాంటివి బోలెడుంటాయి."

ఆవిడ మూత మీద ఒక మూల కాలిన మచ్చను వేలితో చూపించింది. "మా ఆయన సిగరెట్టు ఆర్పాడు. నామీద ఆర్పబోతుంటే మా తమ్ముడు దీన్ని అడ్డం పెట్టాడు."

తర్వాత అడక్కుండానే మిగతాది చెప్పింది. ఎన్నాళ్ళని పెట్టె అడ్డం పెడతాడు, చివరికి ఒకరోజు ఇనపరాడ్డు తీశాడు. ఆవిడ మొగుడు బతకలేదు. తమ్ముడు జైలుకెళ్ళాడు. లాయరు కోసం ఇంట్లో ఉన్నవన్నీ అమ్మింది, ఇది కూడా. ఇందులో తమ్ముడు ఆడుకుంటూ కట్టిన ఊరొకటి ఉంది. వీధులు, బడి, వంతెన. ఊరి చివర అక్కకో ఇల్లు.

"నా ఇంటి చుట్టూ నీళ్ళు పెట్టాడన్నా, కొట్టేవాళ్ళు రాకుండా. చూడ్డానికెళ్ళినప్పుడల్లా ఒకటే మాట, అక్కా మన ఊరుందా అని. ఉందిరా, భద్రంగా ఉంది అని చెబుతూ వచ్చా. రేపు పొద్దున వదులుతున్నారు వాణ్ణి. కొన్నరోజు ఒక్కసారి తెరుచుకుంది. ఎన్ని చేతులు మారినా ఎవరూ తుడిచెయ్యలేదు, ఊరంతా అలాగే ఉంది. నా ఇల్లు కూడా. ఆ తర్వాత తెర నల్లబడింది, మళ్ళీ రాలేదు. ఇప్పుడు వాడికేం చెప్పాలి?"

దూది మూత విప్పాడు. విప్పగానే చెయ్యి ఆగిపోయింది. లోపలి చిప్పు చుట్టూ గోధుమరంగు మరక. ఆ మరక తనదే.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. లోపలి మెమరీ చచ్చిపోతున్న పెట్టెలు చవగ్గా వస్తాయి. బోర్డుకి వేడిగాలి పట్టిస్తే చిప్పు కొన్నాళ్ళు లేచి కూర్చుంటుంది. ఆ కొన్నాళ్ళలో అమ్మేయాలి. గ్యారంటీ తీరేసరికి అది మళ్ళీ పడుకుంటుంది. అన్నయ్య "వేడి పెట్టరా" అంటాడు, దూది వేడి పెడతాడు. ఆ వేడికి లోపల మిగిలిన కాస్త ప్రాణం కూడా కరిగిపోతుందని అతనికి తెలుసు. ఎన్ని పెట్టెలకు పెట్టాడో లెక్కలేదు. వాటిలో ఎవరి ఊళ్ళున్నాయో ఎన్నడూ ఆలోచించలేదు.

ఆ మరక మీద వేలు పెట్టి చూపించాడు. "అమ్మా, దీనికి వేడి పెట్టింది నేనే" అన్నాడు. "పెట్టకపోయుంటే ఇంకొన్నాళ్ళు ఉండేది. ఇక ఒక్కసారే లేస్తుంది. ఆ ఒక్కసారిలో లోపలున్నదంతా బయటికి తోడేసుకుని, కొత్త చిప్పులో పోయాలి. మధ్యలో తీగ ఊడినా, కరెంటు పోయినా అంతే. సాయంత్రం రండి."

ఆవిడ అతన్ని తిట్టలేదు. చాలాసేపు అతని చెవి వైపు, కనుబొమ వైపు చూసింది. ఆసుపత్రిలో రోజూ చూసే దెబ్బలే. ఆ తర్వాత ముందుగదిలోకి వెళ్ళి, నలుగురు కొనేవాళ్ళ ఎదుట అన్నయ్యను కడిగేసింది. "చచ్చినదానికి వేడిపెట్టి అమ్ముతావా? మీ తమ్ముడే చెప్పాడు, సిగ్గులేదూ?" కొనేవాళ్ళు చేతిలోవి కింద పెట్టి ఒక్కొక్కరే జారుకున్నారు. అన్నయ్య నవ్వుతూనే ఉన్నాడు. గిరాకీ ఉన్నంతసేపు ఆయనకి కోపం రాదు.

చివరి తీగ పడింది. దూది జ్యూసు కొట్టు నుంచి తెచ్చిన మంచుగడ్డలను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి, చిప్పు మీద పెట్టి, అరచేత్తో అదిమిపట్టాడు. ఇలాంటి చిప్పు చల్లగా ఉంటేనే పలుకుతుంది. కరెంటు ఇచ్చాడు. తీగల రెండో కొసన ఉన్న లాప్‌టాప్ తెర మీద, ఎంత తోడిందో చూపే ఆకుపచ్చ గీత ఒక మూల నుంచి మెల్లగా పాకడం మొదలుపెట్టింది. పాడైన చోట ఆగుతుంది, ఆలోచిస్తుంది, మళ్ళీ కదులుతుంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. సంతోషంగా ఉంది అతనికి. ఇంత సంతోషం ఎందుకో తెలియలేదు.

గీత సగం దాటుతుండగా ముందు షట్టరు సగానికి దిగిన చప్పుడైంది.

ఆ చప్పుడుకి అర్థం అతనికి తెలుసు. ఊపిరి సగం తీసి ఆపాడు, భుజాలు వదిలేశాడు.

"నా అన్నం తిని నా సరుకే చెత్తంటావురా?" మొదటి దెబ్బ మెడ మీద పడింది. "నలుగురిలో నా పరువు తీస్తావా?" రెండోది వీపు మీద, మోచేత్తో. దూది ముందుకు తూలబోయి, తొడలతో స్టూలును బిగించి నిలదొక్కుకున్నాడు. మంచుమూట మీది చెయ్యి కదల్లేదు. బల్ల మాత్రం కొంచెం అదిరింది. ఆకుపచ్చ గీత ఆగింది. దూది కళ్ళు గీత మీదే ఉన్నాయి. మళ్ళీ కదిలింది.

"మాట్లాడవేంరా? నోరు పడిపోయిందా? ఈ డొక్కు కోసమేగా, ఇదిగో దీన్ని నేలకేసి కొడతా." అన్నయ్య చెయ్యి బోర్డు వైపు వచ్చింది. దూది జీవితంలో మొదటిసారి అడ్డం వచ్చాడు. అడ్డం అంటే పెద్దగా ఏమీ కాదు, బోర్డు మీదికి వంగి, రెండు మోచేతుల మధ్య దాన్ని దాచి, వీపు ఇచ్చాడు. అన్నయ్యకి అది తిరగబడ్డట్టే అనిపించింది. గోడమీది మేకుకున్న పాత అడాప్టరు చేతికి తగిలింది. ఇటుకంత బరువుంటుంది. వైరు పట్టుకుని గిరగిరా తిప్పి కొట్టాడు. భుజం మీద పడింది. మళ్ళీ తిప్పాడు. నలిగిన చెవి వెనక పడింది. చప్పుడు వచ్చింది ఈసారి.

"బల్లకి తగలకుండా కొట్టన్నయ్యా" అన్నాడు దూది.

బతిమాలినట్టు కూడా లేదు. పనిలో ఉన్నవాడు లైటుకు అడ్డం నిలబడ్డవాడితో చెప్పినట్టుంది. అన్నయ్యకి పిచ్చెక్కింది. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాడు. దూది చెవి వెనక నుంచి నెత్తురు గడ్డం మీదికి పాకి, బోర్డు మీద పడబోయింది. తల ఒక పక్కకి వాల్చి, దాన్ని చొక్కాలోకి మళ్ళించుకున్నాడు. మంచునీళ్ళు మోచేతి మీదుగా కారుతున్నాయి. టీవీలో ఎవరో ఎవరినో చంపుతూనే ఉన్నారు.

"దరిద్రుడా, కొట్టినా తృప్తి లేదు నీతో" అని రొప్పుతూ, అడాప్టరు నేలమీద పారేసి, అన్నయ్య టీ తాగడానికి వెళ్ళాడు.

గీత చివరికంటా చేరింది. ఏ ముక్కా పోలేదు.

అప్పుడు చెయ్యి తీశాడు. వేళ్ళు తెల్లగా ముడతలు పడ్డాయి. తోడిందంతా కొత్త చిప్పులో పోసి, దాన్ని అతకబోతే ఒక్క చుక్క రెండుగా కనబడింది. ఎడమకన్ను మూసుకున్నాడు, ఒకటైంది. మధ్యలో ఒకసారి చెత్తడబ్బాలోకి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, మళ్ళీ కూర్చున్నాడు. ఎండ తగ్గేవేళకి పెట్టెకు మూత బిగించి టీవీకి తగిలించాడు.

ఊరు లేచింది. వీధులు, బడి, వంతెన. దూది ఎన్నడూ ఆట ఆడలేదు. కానీ ఆ బొమ్మమనిషిని తడబడుతూ నడిపించి, వంతెన దాటించి, ఊరి చివరికి తీసుకెళ్ళాడు. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఇల్లు. నీళ్ళమీద ఒక పలక వేసి ఉంది. లోపలికి వెళ్ళాడు. ఒక మంచం, ఒక దీపం. తలుపు లోపలినుంచి వేసుకునే వీలుంది. వేశాడు. ఎంత హాయిగా ఉందో చెప్పలేడు.

తర్వాత గది సర్దుకున్నాడు. స్క్రూలు డబ్బాలో వేశాడు, సోల్డరింగ్ కడ్డీ ఆర్పాడు, నేలమీద పడున్నది తీశాడు. బల్లమీద నీళ్ళు తుడిచాడు. తల బరువుగా ఉంది. కాస్త వాల్చుకుందామని మోచెయ్యి మడిచి, దానిమీద నలగని చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

చీకటి పడకముందే ఆయమ్మ వచ్చింది. ముందుగదిలో అన్నయ్య తలెత్తకుండానే, "లోపలున్నాడు, తీసుకుపో, ఇంకోసారి ఈ గుమ్మం తొక్కకు" అన్నాడు.

గదిలో అడుగుపెట్టగానే ఆవిడకి తెర కనబడింది. తన ఇల్లు, లోపలి నుంచి. మంచం, దీపం, వేసిన తలుపు. "అన్నా!" అని సంతోషంతో అరిచింది. అతను లేవలేదు. దగ్గరికెళ్ళి భుజం తట్టబోయి, చొక్కా కాలరు చూసింది. చెవి వెనక చూసింది. రెండు వేళ్ళు గొంతు పక్కన పెట్టి చూసింది. కనురెప్ప ఎత్తి చూసింది. అది ఆవిడ రోజూ చేసే పనే.

"ఏమైంది? పడుకున్నాడా? పనివేళ పడకేంట్రా" అంటూ అన్నయ్య వచ్చాడు.

"ఈయన్ని ఎవరు కొట్టారు?"

అన్నయ్య బల్ల దగ్గరికి వచ్చాడు. "ఒరేయ్" అన్నాడు. రెక్క పట్టుకుని ఊపాడు. చెయ్యి జారి బల్లమీద పడింది. "లేరా. ఒరేయ్, లేరా. కొట్టనురా, లే."

"ఇంకేం లేస్తాడు" అంది ఆయమ్మ. ఏడుస్తూనే తన ఆకుపచ్చ గుడ్డను అతని మొహం మీద కప్పింది. పెట్టెను చేతుల్లోకి తీసుకోలేదు. తీస్తే తెర ఆరిపోతుంది, తలుపు వేసుకుని లోపలున్నవాడు ఉన్నట్టే ఉన్నాడు. బయటికెళ్ళి పోలీసులకు ఫోను చేసి, గుమ్మంలోనే నిలబడింది.

అన్నయ్య కింద చూశాడు, బల్లకింద చూశాడు, అట్టపెట్టెల వెనక వెతికాడు. తను పారేసిన చోట అది లేదు. ఆఖరికి తలెత్తితే గోడమీద కనబడింది. ఇటుకంత అడాప్టరు దాని మేకుకే వేలాడుతోంది. నెత్తురు తుడిచి ఉంది. వైరు చిక్కుపడకుండా చుట్టి, కొసను లోపలికి దోపి ఉంది.