దాది నోట మీరు

రాజుగారికి పాలిచ్చి పెంచిన పెరొనెల్‌కు ఆస్థానంలో ఉన్న హోదా ఒక్కటే. పొద్దున్నే రాజుగారు ఇంకా పరుపు మీద ఉండగానే, కోడి సూపు గిన్నె పట్టుకుని, ఎవరినీ అడక్కుండా పడకగదిలోకి వెళ్లిపోవచ్చు. డ్యూకులూ బిషప్పులూ బయట కాళ్లు మార్చుకుంటూ నిలబడి ఉంటే ఆమె "కాస్త జరుగు నాయనా" అంటూ వాళ్ల మధ్యలోంచి దూరిపోయేది. "లే రా కోడిపిల్లా, చల్లారిపోతోంది" అని లోపల ఆమె అనడం బయటికి వినిపించేది. ఇంత గడ్డం పెంచి, ఇటలీ దాకా దండెత్తి వచ్చిన మనిషిని అలా పిలవడం ఎవరికీ తప్పుగా తోచలేదు, బ్రెజోల్ దొర వచ్చేదాకా.

బ్రెజోల్ స్పెయిన్‌లో రాయబారిగా ఉండి వచ్చాడు. అక్కడ రాజు ఎదుట తుమ్మాలన్నా అనుమతి కావాలేమో, ఆయన తీరు అలాగే ఉండేది. రాజుగారి పడకగది మర్యాదలు చూసే అధికారం చేతికి రాగానే లోయిర్ నది ఒడ్డున ఉన్న ఆ కోటలో నియమాలతో అందరి ప్రాణాలూ తోడేశాడు. రాజు ఎదుట కూర్చోకూడదు. రాజు తినకముందు ఎవరూ తినకూడదు. ఇక పెరొనెల్ వంతు వచ్చింది.

"పెరొనెల్‌గారూ, రేపటి నుంచి మీరు కూడా ప్రభువులవారిని 'మీరు' అనాలి. 'నువ్వు' అన్నవాళ్లకు ఆ తలుపు ఇక తెరుచుకోదు" అన్నాడు మర్యాదగానే.

"నేను పాలిచ్చి పెంచిన పిల్లాడయ్యా వాడు."

"వాడు కాదు. వారు."

పెరొనెల్ గిన్నె తీసుకుని ఇంటిదారి పట్టింది. మొగుడు పోయి ఏళ్లయింది. ఉన్న ఒక్క కొడుకు థిబో రాజుగారి డేగలు చూసుకునేవాడు. ఈ మధ్యే వేటలో ముచ్చటైన తెల్ల డేగని పోగొట్టాడని వాణ్ణి కుక్కల కొట్టానికి తోసేశారు. ఆ దిగుల్లో ఆమెకు రోజు మొత్తంలో కాస్త హాయిగా ఉండేది ఆ పొద్దుటి వేళే. అదీ పోతే బతకడం దేనికనిపించింది.

సాయంత్రం థిబో కుక్కల వాసనతో ఇంటికొచ్చేసరికి ఆమె పాఠం వల్లెవేస్తోంది.

"నన్నే రాజనుకుని అనమ్మా" అన్నాడు.

"తమరు లేస్తారా?"

"మెల్లిగా అను. తిట్టినట్టుంది."

"నా నోట ఆ మాట ఇంకోలా రాదురా. చిన్నప్పుడు నువ్వూ ఆ కోడిపిల్లా ఏ వెధవ పనో చేసినప్పుడే కదా మిమ్మల్ని 'మీరు', 'తమరు' అనేదాన్ని."

"నాకెందుకు గుర్తులేదూ. తేనె జాడీ పగిలిన రోజు పొద్దుగూకేదాకా నన్ను థిబోగారూ అన్నావు" అని థిబో నవ్వాడు.

మర్నాడు ఆమె లోపలికి వెళ్లేసరికి మంచం పక్కన బ్రెజోల్ కర్రలా నిలబడి ఉన్నాడు. నువ్వు అనే మాట ఎక్కడ జారిపోతుందోనని పెరొనెల్ ఒక్కో మాటా కూడబలుక్కుంది.

"ప్రభువులు లేచారా? మీ సూపు తెచ్చాను. తాగండి."

రాజుగారు చటుక్కున లేచి కూర్చున్నారు.

"ఏమైంది?"

"ఏమీ కాలేదండి."

ఆ 'అండి' వినేసరికి రాజుగారి మొహం పాలిపోయింది. బ్రెజోల్ మాత్రం తృప్తిగా తలాడించాడు.

"నిన్నటి సూపు కుక్కకు పోశాననేగా? ఇంకెప్పుడూ పొయ్యను" అన్నారు రాజుగారు.

పెరొనెల్‌కు ఆ సంగతే తెలియదు. "చిత్తమండి" అంది.

"జలుబుతో బంతాటకు వెళ్లాననా? ఎవరు చెప్పారు నీకు? ఒక్క ఆటే ఆడాను." ఆమె సూపు గిన్నె ముందుకు చాపేసరికి, "రెండు" అన్నారు.

"అలాగేనండి."

రాజుగారు దుప్పటి మెడదాకా లాక్కున్నారు.

"సరే. ఆ తెల్ల డేగ సంగతేగా. థిబో వద్దంటున్నా నేనే వదిలాను. అందరిలో నవ్వులపాలవుతానని వాడి మీదికి నెట్టేశాను. చెప్పేశాడన్నమాట."

థిబో చెప్పలేదు. తల్లికి కూడా చెప్పలేదు. పెరొనెల్ గిన్నె బల్ల మీద పెట్టింది. అప్పటిదాకా నియమం కోసం పలికిన మాట ఈసారి కడుపు మంటలోంచి వచ్చింది.

"ఓహో, తమరేనా. నా కొడుకు కుక్కల కొట్టం ఊడుస్తుంటే తమకు నిద్రెలా పట్టిందండీ?"

"పట్టలేదు."

"పట్టకూడదండి."

బ్రెజోల్ దగ్గాడు. "పెరొనెల్‌గారూ, ప్రభువులవారిని అలా నిలదీయడం..."

"మీరు నేర్పిన మాటలేగా అయ్యా నేను మాట్లాడుతున్నది."

ఇదంతా బ్రెజోల్ పెట్టిన నియమమని రాజుగారికి అప్పుడు అర్థమైంది. ఆయన బ్రెజోల్ వైపు తిరిగారు. "ముందు థిబోని డేగల దగ్గరికి పంపించండి. తప్పు నాదేనని అందరికీ చెప్పండి."

"ప్రభువులు తప్పు చేశారని చెప్పే పద్ధతి లేదండి."

"ఇవాళ పెట్టండి. ఇంకోటి, ఈమె నన్ను 'మీరు' అంటే నాకు కాళ్లలో వణుకు పుడుతుంది. రాజు దుప్పట్లో దాక్కుంటే మీ మర్యాదకు బాగుంటుందా?"

బ్రెజోల్ తల వంచాడు.

"ఇప్పుడైనా 'నువ్వు' అనమ్మా" అన్నారు రాజుగారు దుప్పటి లాక్కుంటూ.

పెరొనెల్ తొందరపడలేదు. ఇంత చేసినవాణ్ణి కాసేపు ఉడికిస్తే తప్పేమీ లేదనుకుంది. ఆయన ఆమె వైపే చూస్తూ, మొహం చిట్లించుకుని, గిన్నె అడుగు కనబడేదాకా తాగారు.

"తాగావా కోడిపిల్లా?"

రాజుగారు పగలబడి నవ్వారు. పెరొనెల్‌కు కళ్లు చెమ్మగిల్లాయి. ప్రాణం లేచొచ్చినట్టుంది. థిబో విషయంలో ఇంకో నాలుగు మాటలు మిగిలే ఉన్నాయి గానీ అవి రేపు అనొచ్చు. రేపు కూడా రావచ్చు కదా.

ఖాళీ గిన్నెతో బయటికొస్తుంటే తలుపు తీసి పట్టుకున్నది బ్రెజోలే. ఆయనకు చురక అంటించడానికి ఒక మాట నోట్లో సిద్ధంగా పెట్టుకుంది. తీరా దగ్గరగా చూస్తే మనిషి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. తెల్లవారకముందు నుంచీ తన నియమం తనే పాటిస్తూ, కూర్చోకుండా, పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఉన్నాడు. ఆ మాట మరిచేపోయింది.

"ఏమైనా తిన్నావా నువ్వు?"

డ్యూకుల తలలన్నీ ఇటు తిరిగాయి. బ్రెజోల్ దిద్దడానికి నోరు తెరిచాడు.

"థిబోని పిలవాలి" అన్నాడు చివరికి.

"వాడెక్కడికీ పోడులే. ముందు రొట్టె తిని వెళ్దువుగాని. తిన్నావా అంటే చెప్పవేం?"

"లేదమ్మా" అన్నాడు బ్రెజోల్.