సగం సినిమా విడుదలైన రోజు

పెద్ద గ్రంథాలయం కింది అంతస్తులో, చినిగిన పుస్తకాలు బాగుచేసే గదిలో ఆమె ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. అక్కడ అందరూ ఆమెను బైండరమ్మ అని పిలుస్తారు. సూదులు, మైనం పూసిన దారం, జిగురు గిన్నె, పుస్తకాలను బిగించే చెక్క మర ఆమె లోకం. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక అరగంట, సాయంత్రం బస్సులో ముప్పావుగంట మాత్రం ఆమెకు ఇంకో లోకం ఉండేది. ఎవరైనా రాయగలిగిన, ఎవరైనా దిద్దగలిగిన ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఆమె అక్షరదోషాలు సరిచేసేది. అక్కడ ఆమె పెట్టుకున్న పేరు సూదీదారం. ఎనిమిదేళ్ళలో పదకొండు వేల దిద్దుబాట్లు చేసింది. ఒక్కరితోనూ మాటా మాటా అనుకున్నది లేదు.

అందుకే కాబోలు, ఒకరోజు అక్కడి నిర్వాహకుడు ఆమెకు ఉత్తరం రాశాడు.

"సూదీదారం గారూ, 'అద్దరి దీపం' అనే పాత సినిమా పేజీలో విడుదల తేదీ మీద ఇద్దరు కొట్టుకుంటున్నారు. తొమ్మిది రోజుల్లో నలభై మూడుసార్లు తేదీ మారింది. విసిగిపోయి పేజీకి రెండు వారాలు తాళం వేశాను. ఎవరి వైపూ కాని మనిషి ఒకరు చూసి తేల్చాలి. మీరు చూస్తారా?"

ఆ సాయంత్రం ఇంట్లో ఆ మాట చెబితే, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తగారు నవ్వింది.

"అరవై ఏళ్ళ కిందటి సినిమా ఏ రోజు వస్తే నీకేమే? దానికి నువ్వేమన్నా మంత్రసానివా?"

"ఇద్దరూ ఎక్కడెక్కడివాళ్ళో అత్తయ్యా. మొహాలు కూడా తెలియవు. ఒకళ్ళది రాస్తే ఇంకొకళ్ళు చెరిపేస్తున్నారు."

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, అంతే."

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. చేతులకంటిన గ్రీజు కడుక్కుంటూ అన్నాడు: "లిఫ్టు మధ్యలో ఇరుక్కుంటే లోపలున్నవాళ్ళు, మీట నువ్వు నొక్కావంటే నువ్వు నొక్కావని పోట్లాడుకుంటారు. నేనయితే ఆ గొడవ వినను. ముందు తలుపు తెరుస్తా."

మరునాడు ఆమె ఆ సినిమా చర్చ పేజీ మొదటినుంచీ చదివింది. సినిమా విడుదలైంది ఆ నెల పన్నెండునని ఒకరి వాదన. ఆ మనిషి పేరు మొదటిఆట. కాదు, పంతొమ్మిదినని ఇంకొకరి వాదన. ఆ పేరు తారీఖుతాత. పన్నెండో తేదీ పత్రికలో 'నేడే విడుదల' అన్న ప్రకటన మొదటిఆట చూపిస్తే, పంతొమ్మిదో తేదీ పత్రికలో అదే థియేటర్ ఇచ్చిన 'నేటి నుంచి' అన్న ప్రకటన తారీఖుతాత చూపించాడు. పైగా ఒక సినిమా వారపత్రిక కూడా పంతొమ్మిదే అంది.

"తాతగారూ, మీరు పెద్దవారు, మీకు చెప్పేంతవాణ్ణి కాను. కానీ పత్రికలో అచ్చయింది కళ్ళ ముందుంది కదా!" అని మొదటిఆట.

"బాబూ, కాస్త నిదానం. ఆవేశపడితే తేదీ మారదు," అని తారీఖుతాత.

ఇలా అరవై నాలుగు పుటలు సాగింది. ఒక్క బూతు మాట లేదు, ఒక్క అబద్ధం లేదు. ఇద్దరిదీ ఉడుంపట్టే. చదువుతున్నకొద్దీ ఆమెకు నవ్వు పోయి, వాళ్ళ మీద ఒక గౌరవంలాంటిది మొదలైంది.

ఒక సంగతి మాత్రం ఆమెకు తట్టింది. ప్రకటన అనేది ముందురోజే అచ్చుకు వెళ్తుంది. అది ఏం చేయబోతున్నారో చెబుతుందిగాని, ఏం జరిగిందో చెప్పదు. జరిగింది తెలియాలంటే మరునాటి వార్త చూడాలి. ఇంటర్నెట్‌లో ఉన్న పదమూడో తేదీ పత్రిక బొమ్మ తెరిచింది. మూడో పేజీలో ఊరి కబుర్లు ఉన్నాయి. అయితే వెన్నువైపు ఉన్న నిలువు వరస సగానికి సగం కనబడటం లేదు. పాత సంపుటాన్ని ఎవరో మరీ బిగించి కుట్టడంతో అక్షరాలు మడతలోకి వెళ్ళిపోయాయి. పంక్తుల చివరలు మాత్రమే మిగిలాయి: '...గం సినిమా', '...ట్టెలు రాలేదు', '...క్కరూ లేవలేదు'.

ఆ బొమ్మ తీసింది ఏ సంపుటం నుంచో కింద రాసి ఉంది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. అది వాళ్ళ గ్రంథాలయానిదే. ఆమె కూర్చున్న గదికి మూడంతస్తుల పైన, పత్రికల గదిలో ఉంది.

గ్రంథాలయాధికారిణి దగ్గరికి వెళ్ళి అడిగింది.

"ఆ సంపుటం కుట్లు విప్పాలి మేడమ్."

"ఎందుకు?"

"వెన్ను మీది అట్ట ఊడిపోయింది, ఎలాగూ బాగుచెయ్యాల్సిందే. వరసలో వెనక ఉంది, ముందుకు జరుపుతానంటున్నా." తర్వాత దాచడం ఇష్టంలేక, "ఒక సినిమా తేదీ కూడా దాంట్లో ఉందండి," అంది.

అధికారిణి కళ్ళజోడు పైకి తోసుకుని ఆమెను చూసింది. "సినిమా తేదీయా? సరే. చింపకుండా ఉంటే చాలు."

ఆ పని ఆమెకు రెండు రోజులు పట్టింది. వెన్ను మీది గట్టి జిగురు తడిగుడ్డతో నాననిచ్చి, పిసరంత పిసరంత గీకి తీసింది. లోపలి దారం నల్లబడి తీగలా గట్టిపడింది. ఒక్కో కుట్టునూ సన్నని కత్తెరతో తెంపి, కాగితం కదలకుండా దారాన్ని బయటకు లాగింది. పదమూడో తేదీ పత్రిక విడివడింది. మూడో పేజీ మడత తెరిచి, అరచేత్తో మెల్లగా పరిచింది.

మడత లోపల కాగితం ఇంకా తెల్లగా ఉంది. అరవై ఏళ్ళుగా దానికి వెలుగు తగలలేదు. కుట్టిన నాటినుంచి ఆ వరసను ఎవరూ చదవలేదు. ఆమె నిలబడే చదివింది.

వార్త ఇదీ. ఆ సినిమాకు అప్పటికి తయారైన ప్రింటు ఒక్కటే. మొదటి సగం రీళ్ళ పెట్టెలు ముందురోజే థియేటర్‌కు చేరాయి. రెండో సగం తెస్తున్న బండి, ఏటికి వరద వచ్చి వంతెన మూసేయడంతో అవతలి ఒడ్డునే ఆగిపోయింది. వంతెన తెరుస్తారన్న ఆశతో మేనేజరు ఆట మొదలుపెట్టించాడు. విశ్రాంతి సమయం దాకా పెట్టెలు రాలేదు. మేనేజరు తెర ముందుకొచ్చి చేతులు జోడించాడు. "పెట్టెలు ఏటి అవతల ఉన్నాయి. టికెట్టు ముక్క దాచుకోండి. అవి వచ్చిన రోజు ఇదే సీటు మీది," అన్నాడు. హాల్లో రెండు వందల పదకొండు మంది ఉన్నారు. ఒక్కరూ లేవలేదు, ఒక్క కుర్చీ విరగలేదు. బయట కుండపోతగా వాన. అప్పుడు పైన ప్రొజెక్టర్ గది కిటికీలోంచి ఆపరేటరు తల బయటపెట్టి, "ఈ వానలో ఎక్కడికెళ్తారు? మీరు సరేనంటే మొదటి సగమే మళ్ళీ వేస్తా," అని కేకేశాడు. సరేనన్నారు. చూసిందే మళ్ళీ చూశారు. అయిపోయాక అందరూ లేచి, తెర వైపు కాకుండా ఆ కిటికీ వైపు తిరిగి చప్పట్లు కొట్టారు.

బైండరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపటికి లేచి, ఇరవయ్యో తేదీ పత్రిక కూడా విప్పింది. ఆ వార్త రాసిన విలేఖరే అదే వరసలో మిగతా కథ రాశాడు.

పంతొమ్మిదిన పెట్టెలు వచ్చాయి. రెండు వందల పదకొండు మందిలో రెండు వందల ఎనిమిది మంది టికెట్టు ముక్కలతో వచ్చి, తమ తమ సీట్లలోనే కూర్చున్నారు. మూడు సీట్లు ఖాళీగా ఉన్నాయి. తలుపు దగ్గర జనం తోసుకుంటున్నా మేనేజరు వాటిని ఎవరికీ ఇవ్వలేదు. "అవి మాటిచ్చిన సీట్లు," అన్నాడు. ఒకామె ముందురోజే ప్రసవించింది. ఒకతను పనిమీద వేరే ఊరు వెళ్ళాడు. మూడో మనిషి ఆ మంగళవారం చనిపోయాడు. ఆయన భార్య వచ్చింది. తన సీట్లో తాను కూర్చుని, పక్క సీటు మీద ఆయన టికెట్టు ముక్క పెట్టింది. ఆట అయ్యేదాకా అది అక్కడే ఉంది.

ఆమె ఆ వరసను మూడుసార్లు చదివింది. పై అంతస్తుల్లో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, గోడలో నీళ్ళ గొట్టం చప్పుడు వినబడుతున్నాయి. ఒక చిన్న అంకె వెనకాల ఇంతమంది ఊపిరి బిగబట్టుకుని కూర్చుని ఉంటారని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఇన్నేళ్ళలో తను దిద్దిన పదకొండు వేల చోట్లూ గుర్తొచ్చాయి. వాటిలో ఎన్ని అంకెలను అంకెలే అనుకుని దాటిపోయిందో!

రెండు పేజీల ఫొటోలూ తీసి చర్చ పేజీలో పెట్టింది. పక్కన వార్తను అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాసింది. చివర తన మాట ఒకటే: "ఇద్దరూ నిజమే చెప్పారు."

ఒకరోజు గడిచింది. రెండో రోజు మధ్యాహ్నం మొదటిఆట రాశాడు.

"ఇన్నాళ్ళూ ఒక మాట చెప్పలేదు. ఆ ఆపరేటరు మా నాన్న. మా నాన్న చెప్పాడంటే మీరు ఆధారం అడుగుతారు. అడగాలి కూడా. ఇంట్లో విన్నమాట ఇక్కడ చెల్లదు. అందుకే ఆయన పేరెత్తకుండా వాదించాను."

బైండరమ్మ ఆ నాలుగు ముక్కలూ చదివి చర్చ పేజీని మళ్ళీ మొదటినుంచీ తిరగేసింది. నలభై మూడు పోట్లాటలు, అరవై నాలుగు పుటలు. 'నాకు తెలుసు, మా నాన్న అక్కడే ఉన్నాడు' అని ఒక్కసారి అనడానికి నాలుక ఎంత దురద పెట్టి ఉంటుంది! అనలేదు. మొహాలు తెలియని మనుషులు కలిసి రాసుకునే పుస్తకం కోసం, ఎవరూ కాపలా లేని చోట, ఆ మనిషి తన నోరు తానే కట్టేసుకున్నాడు.

కిందనే తారీఖుతాత జవాబు ఉంది. "అయితే పన్నెండే ఉంచుదాం. సగమయితేనేం, అంతమంది చూశారు. నాదే తప్పు."

"లేదు," అని మొదటిఆట. "పూర్తయితేనే సినిమా. మా నాన్న ఉన్నా అదే అనేవాడు. పంతొమ్మిదే సరైనది."

"పన్నెండే."

"పంతొమ్మిదే, తాతగారూ!"

ఇద్దరూ పక్షాలు మార్చుకుని, మళ్ళీ అదే పట్టు పట్టారు. బస్సులో అది చదివి బైండరమ్మ పైకే నవ్వేసింది. పక్క సీటులో కూర్చున్నావిడ అనుమానంగా కిటికీ వైపు జరిగింది.

ఈసారి తేల్చడం కష్టం కాలేదు. తేదీ గడిలో నిర్వాహకుడు రెండూ పెట్టాడు: 'పన్నెండు (మొదటి సగం), పంతొమ్మిది (పూర్తిగా)'. కింద ఆ రెండు వార్తల ఆధారాలు చేర్చాడు. తర్వాత తాళం తీశాడు. వారం తిరిగేలోపు ఇతర భాషల విజ్ఞాన సర్వస్వాల్లోనూ ఆ తేదీ మారడం మొదలైంది. ఎవరో చదివి, ఎవరూ చెప్పకుండానే తమ భాషలోకి తెచ్చుకున్నారు. రోజూ భోజనమయ్యాక బైండరమ్మ లెక్క చూసుకునేది: నాలుగు, తొమ్మిది, పదిహేడు భాషలు. వాటిలో చాలావాటి లిపి కూడా ఆమెకు తెలియదు. కానీ ప్రతి పేజీలోనూ ఆ రెండు అంకెలను వెంటనే గుర్తుపట్టగలిగింది.

నెల తిరిగాక ఒక ఉదయం, ముందే ఉత్తరం రాసుకుని, ఇద్దరూ గ్రంథాలయానికి వచ్చారు. ముందు వచ్చినాయన డెబ్బై మూడేళ్ళ మనిషి, ఎలక్ట్రీషియన్ పని చేసి మానేసినవాడు. కంట్లో పొర వల్ల తల కాస్త పక్కకు తిప్పి చూస్తున్నాడు. వెనకే రొప్పుతూ వచ్చింది పశువైద్యం చదువుతున్న ఇరవై ఏళ్ళ అమ్మాయి.

"మొదటిఆట మీరేనా?" అంది ఆ అమ్మాయి, మొహం ఎర్రబడుతుండగా. "మిమ్మల్ని బాబూ అన్నానండీ. ఒకసారి కాదు, చాలాసార్లు."

పెద్దాయన ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. "నువ్వా తాతగారివి!" అన్నాడు. ఇద్దరూ ఎంత నవ్వారంటే, అక్కడ చదువుకుంటున్న నలుగురూ తలలెత్తారు.

పత్రికల గదిలో బల్ల మీద బైండరమ్మ ఆ పేజీ పరిచింది. అక్షరాలు చిన్నవి కావడంతో అమ్మాయే పైకి చదివింది. ఆపరేటరు కిటికీలోంచి కేకేసిన చోట పెద్దాయన బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఇంటర్నెట్‌లో మా మనవడు చదివి పెట్టాడు," అన్నాడు. "కాగితం మీద చూస్తే వేరేగా ఉంది. ఊళ్ళో మా నాన్నను సగం బొమ్మోడు అని ఏడిపించేవాళ్ళమ్మా. ఆ రోజు అక్కడ లేనివాళ్ళే ఏడిపించేది. ఆయన కొన్నాళ్ళకి ఆ పనే మానేశాడు. 'నేను బొమ్మ వేసింది పన్నెండునే' అనేవాడు, అంతే. చప్పట్ల సంగతి ఎప్పుడూ చెప్పలేదు." కాస్త ఆగి అడిగాడు: "ఎంత గట్టిగా కొట్టారని ఉందో మళ్ళీ చదువుతావా?"

అమ్మాయి పంక్తి మీద వేలు పెట్టి వెతికింది. "'వాన చప్పుడు వినపడనంతగా' అని రాశారండీ."

పెద్దాయన తల ఊపాడు. జేబురుమాలు తీసి కళ్ళజోడు తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి తుడిచాడు. బైండరమ్మ పేజీ అంచులు సర్దింది.

చివరికి ఆయన అమ్మాయి వైపు తిరిగాడు. "ఇప్పుడు ఏ సినిమా తేదీ మీద ఉన్నావమ్మా?"

అమ్మాయి ఒక సర్కస్ సినిమా గురించి చెప్పింది. మార్చిలో వచ్చిందంది.

"మార్చా? ఎవరన్నారు? ఎండాకాలం సెలవుల్లో చూశాను నేను."

"మీరు చూసింది రెండో విడుదలేమోనండీ. ఆధారం ఉందా?"

"ఉంటుంది. ఎక్కడో ఉంటుంది," అని పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఆ ఏడాది పత్రికలు ఉన్నాయామ్మా, బైండరమ్మా?"

ఆమె సంపుటం తేవడానికి అరల మధ్యకు నడిచింది. వెనకనుంచి ఇద్దరి మాటలూ వినబడుతున్నాయి. ఒకరు మార్చంటున్నారు, ఒకరు మే అంటున్నారు. రెండు వైపులా నేలనుంచి కప్పుదాకా బిగించి కుట్టిన వేల రోజులు నిలబడి ఉన్నాయి. వాటిని ఈ మూల నుంచి ఆ మూలకు ఒకసారి తేరిపార చూసి, ఆమె నిచ్చెన ఎక్కింది.