పెన్ను మూత

వరండాలోని బల్లను గోడవైపు తిప్పి, దాని కుంటికాలి కింద అట్టముక్క దోపింది సమ్మమ్మ. మనసు డాక్టరు దగ్గరికొచ్చే పిల్లల ముఖాలు అవతల సూదిమందు వరుసలో నిలబడ్డవాళ్లకు కనబడకూడదు. ఇది ఎవరూ చెప్పింది కాదు, ఆమె పెట్టిన చట్టం. వరంగల్లు సర్కారు దవాఖానలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయా. పొట్టి మనిషి. వాచిన మడమలు, ఫినాయిలుకు తెల్లబారిన వేళ్లు, బొడ్లో ఎప్పుడూ ఆకువక్కకోసం ఇత్తడి సున్నపు డబ్బీ. ఇవాళ్టి గురువారంతో ఆమె కొలువు సరి.

వరండా చివరి గదిలో సూది లేదు, సీసా లేదు. రెండు కుర్చీలు, ఒక బీరువా, ఒక కూజా. డాక్టరు రాజేశ్వర్ రావు ప్రతి గురువారం ఒక పూట వస్తాడు. చావాలనిపిస్తోందన్న పిల్లలను ఆయన తిట్టడు, బెదిరించడు. ఎప్పటినుంచి, ఏ వేళప్పుడు ఎక్కువగా అనిపిస్తుంది అని అడిగి, చెప్పేది వింటాడు. వెంట వచ్చిన పెద్దలకు ఇది బొత్తిగా నచ్చదు. "మాటలకు రోగం పోతదా?" అంటూ తలుపు తోసుకొస్తారు. వాళ్లను ఆపడమే సమ్మమ్మ పని. మొదట్లో ఆమెకూ నమ్మకం లేదు. కాని తల కూడా దువ్వుకోకుండా వచ్చిన పిల్లలు నాలుగైదు వారాలకు జడలో పువ్వు పెట్టుకుని రావడం ఆమె కళ్లారా చూసింది.

ఒకసారి ఇంక రానని మొండికేసిన పిల్లవాడు, మరిచిపోయిన కంపాసు పెట్టెకోసం మళ్లీ వచ్చాడు. ఆనాటినుంచి సమ్మమ్మకు ఒక పద్ధతి ఏర్పడింది. వెళ్లేముందు ఏదో ఒకటి ఆమె బిస్కెట్ డబ్బాలో పెట్టిపోవాలి. రిబ్బనో, దువ్వెనో. వచ్చే గురువారం, ఆమె మాటల్లో 'మల్ల బేస్తవారం', తీసుకోవాలి. చదువు రాకపోయినా ఏది ఎవరిదో ఆమెకు గుర్తే. డాక్టరు చూసి నవ్వాడుగాని వద్దనలేదు.

వజీరాది పెన్ను మూత. నర్సంపేట పిల్ల, పదహారేళ్లు. ఏడాదిగా తిండి, నిద్ర, మాట ఒక్కొక్కటే తగ్గిపోయాయి. బతకబుద్ధి కావడం లేదని డాక్టరుకు తానే చెప్పింది. ఒంటరిగా వదలొద్దు, వారం తప్పొద్దు అని ఆయన తండ్రి ఫకీర్ మహమ్మద్‌కు మరీమరీ చెప్పాడు. మూత డబ్బాలో ఉంటే, పెన్ను పట్టుకుని వేళ్లనిండా నీలం సిరాతో ప్రతి వారం వచ్చేది.

మూడు వారాల కిందట, "సిరా కారుతాంది అవ్వా, మూత ఇచ్చెయ్యవా?" అని అడిగింది. ఆ ముఖం చూసి సమ్మమ్మ కాదనలేక ఇచ్చేసింది. బదులుగా ఏదీ పెట్టమనలేదు. తరవాత రెండు గురువారాలు పిల్ల జాడ లేదు.

ఇవాళ చెప్పకపోతే ఇంక చెప్పేదెప్పుడు? కూజా నింపుతూ నోరు విప్పింది.

"సార్, మూత నేనే ఇచ్చేసిన. గందుకే పిల్ల రాలే. తప్పు నాదే."

డాక్టరు రాస్తున్నది ఆపాడు. "మూత ఇచ్చుడు తప్పు కాదు సమ్మమ్మా. తనే అడిగి తీసుకుపోయిందంటే ఇంక రాననుకున్నట్టే. నాకు అప్పుడే చెప్పాలె."

నెమ్మదిగానే అన్నాడు. ఆమెకు మాత్రం తల కొట్టేసినట్లయింది. పిల్లను ఇవాళే తీసుకురమ్మని ఆయన వెంటనే తండ్రికి చీటీ రాశాడు. సమ్మమ్మ వాచిన మడమలతో బస్టాండుకు నడిచి, దాన్ని నర్సంపేట బస్సు కండక్టరు చేతిలో పెట్టి, దారి వివరం రెండుసార్లు చెప్పింది. బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

పూట దాటింది. మిగతా గదులకు తాళాలు పడ్డా డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. రెండు కావస్తుండగా ఫకీర్ మహమ్మద్ బిడ్డ చెయ్యి పట్టుకుని వరండా ఎక్కాడు.

"మంచిగనే మాట్లాడుతాంది, నయమైందనుకున్న. పత్తి ఏరుడుల పడి తోల్కరాలే," అన్నాడు, ఎవరూ అడగకుండానే.

వజీరా లోపలికి వెళ్లింది. వెనకే వెళ్లబోయిన తండ్రికి సమ్మమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు గీడ కూసో తమ్మీ. బిడ్డ చెప్పేది ఆయన ఇంటాండు. ఇననియ్యి."

గంటసేపు తలుపు తెరుచుకోలేదు. ఫకీర్ మహమ్మద్ రుమాలుతో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

బయటికొచ్చిన వజీరా కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఏమీ అడగకముందే పెన్ను మూత తీసి సమ్మమ్మ ముందుకు చాపింది. "మల్ల బేస్తవారం ఇయ్యి అవ్వా."

సమ్మమ్మకు సంతోషమూ దుఃఖమూ ఒక్కసారే వచ్చాయి. అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. "ఇయ్యాల్టితోని నా నౌకరి అయిపోయింది బిడ్డా. రేపటిసంది సరస్వతి అని కొత్తామె వస్తది."

వజీరా చెయ్యి వెనక్కి పోయింది. "నువ్వు రావు గని, నేను రావాల్నా?"

సమ్మమ్మ బొడ్లోంచి సున్నపు డబ్బీ తీసి, కొంగుతో తుడిచి, బిస్కెట్ డబ్బాలో పెట్టింది. "గిది లేకుంటే నాకు ఒక్క పూట గడవది. బేస్తవారం వచ్చి తీస్కపోత. నువ్వొచ్చినంకనే."

వజీరా ఆ డబ్బీ వంకే చాలాసేపు చూసింది. తరవాత వంగి మూతను దాని పక్కన పెట్టింది.

సాయంత్రం సమ్మమ్మకు ఒక దండ వేసి, టీ తాగించి పంపారు. సున్నం లేని ఆకు నములుతూ ఖిలా దగ్గరి ఇంటిదారి పట్టింది. చివరి గది బీరువాలో, బిస్కెట్ డబ్బాలో, సిరా మరకల మూత పక్కన ఇత్తడి డబ్బీ ఉంది. దాని మూత మీద ఆమె బొటనవేలి సున్నపు మరక తుడిచినా పోలేదు.