మా అత్త అడ్డచుట్ట

మా అత్త ఎర్రమ్మ చుట్ట తాగుతుందంటే మీరనుకునేటట్టు కాదు. వెలిగించిన కొస నోట్లో ఉంటుంది, వట్టి కొస బయట ఉంటుంది. మా అక్కుపల్లి వైపు దీన్ని అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, చేపల మీద బూడిద రాలదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అత్త నెత్తిన చేపల గంప, నోట్లో నిప్పు పెట్టుకుని, పెదాల సందులోంచే బేరాలాడుతూ పలాస బజారంతా తిరిగి వచ్చేది. నేను టెక్కలి హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివినదాన్ని. పెళ్ళయిన కొత్తలో ఆమె నోట్లోంచి నిప్పు కొస బయటికి రావడం చూసి హడలిపోయాను.

ఆ చుట్టలు చుట్టి ఇచ్చేది మా మావయ్య పోలయ్య. ఆయనకు బీడీ వాసన కూడా పడదు. అయినా సముద్రం మీద చేపల వేట నుంచి ఎంత అలిసి వచ్చినా సరే, పొగాకు మీద నీళ్ళు చిలకరించి, ఈనె తీసి, ఆకు చిరగకుండా చుట్టి, వెలిగించి అత్త చేతికిచ్చాకే కూడు ముందు కూర్చునేవాడు. పెళ్ళాంతో ఒక్క ముద్దు మాట అనడం చేతకాని మనిషి. ఆయన ప్రేమంతా ఆ చుట్టలోనే ఉండేది.

మా వీధిలో అత్తకి ఇంకో గొప్ప ఉండేది. పొయ్యి మీంచి దించిన టీ దించినట్టే తాగేస్తుంది. "ఎర్రమ్మది ఇనప నోరు" అనేవారు. రెండువేల మూడు వేసవిలో ఆ ఇనప నోరు అన్నం దగ్గర ఓడిపోయింది. వేడి తెలియని మనిషి చేపల పులుసులో కారం తగిలితే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఏమైందత్తా అంటే "ముల్లు గుచ్చుకున్నాదే" అనేది. రోజూ గుచ్చుకునే ముల్లు ఏ చేపకుంటుంది? 

ఆ రోజుల్లోనే మా ఊరి బడి వరండాలో వైద్య శిబిరం పెట్టారు. నర్సు ధరణి గోడకి ఒక పటం తగిలించింది. ప్యాంటూ చొక్కా వేసుకున్న మగాడు సిగరెట్టు తాగుతున్నాడు, పక్కనే నల్లబడ్డ ఊపిరితిత్తులు. పొగాకులో నికోటిన్ అనే మత్తు ఉంటుందనీ, అదే మళ్ళీ మళ్ళీ కావాలనిపిస్తుందనీ ఓపిగ్గా చెప్పింది. ఆడవాళ్ళంతా తలలూపారు.

"మీలో పొగ తాగేవాళ్ళు చేతులెత్తండి. డాక్టరుగారు నోరు చూస్తారు" అంది.

ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఓలమ్మ! ఆడోలు పొగ తాగుతారేటి? అది మగోలు సేసే పని" అంది మా అత్త, మహా చిరాగ్గా. ఆ మాట అంటున్నప్పుడు ఆమె రెండు ముక్కుపుటాల్లోంచీ పొగ వస్తోంది.

అత్త అబద్ధం ఆడలేదు. మా వాళ్ళ లెక్కలో పొగ తాగడమంటే బీడీ, సిగరెట్టు. అడ్డచుట్ట పంటి నొప్పికి మందు, చలికి కుంపటి, ఆకలికి ఆసరా. దాన్ని పొగ అని ఎవరూ అనుకోరు. ధరణి మా వరస దాటి వెళ్ళిపోతుంటే ఇక ఆగలేకపోయాను.

"మేడమ్, మా అత్త నోరు సూడండి" అన్నాను. అత్త నా వైపు చూసిన చూపుకి నూనె లేకుండానే చేప వేగిపోతుంది.

పళ్ళ డాక్టరు సోమేశ్వరరావుగారు వచ్చి నోరు తెరవమన్నారు. అత్త ముందు చుట్ట బయటికి తీసి, కొస మీది బూడిద దులిపి, నాకు పట్టుకోమని ఇచ్చింది. తెరవాల్సిన నోరు అత్తదైతే, తెరుచుకుని ఉండిపోయింది డాక్టరుగారిది. తర్వాత ఆయన టార్చి వేసి చాలాసేపు చూశారు. అంగిలి, అంటే నోటికి పైకప్పు, తెల్లగా మందంగా అయిపోయిందన్నారు. దాని మధ్యలో పుండు ఉందన్నారు. శ్రీకాకుళం తీసుకెళ్ళి చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించమన్నారు.

చేయించాం. ఇంకా కేన్సర్ కాలేదు. "ఇప్పుడు మానేస్తే తగ్గే వీలుంది. మానకపోతే కేన్సరే అవుతుంది" అని డాక్టరుగారు మొహమాటం లేకుండా చెప్పారు. దారి పొడుగునా నేను చెప్పినదానికల్లా అత్త బుద్ధిగా తలూపింది. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని, మావయ్య ముందు చెయ్యి చాపింది. ఆయన చుట్టి ఇచ్చాడు!

నాకు ఒళ్ళు మండిపోయింది. అత్త పెరట్లోకి వెళ్ళగానే ఆయన మీద పడ్డాను.

"నువ్వు సుట్టి ఇయ్యబట్టే గదా మావయ్యా ఆవిడ కాలుత్తంది! పేణం మీదకొచ్చినా నీకు పట్టదేటి?"

మావయ్య తలెత్తలేదు. "అడిగితే నేదనలేను కోడలా. సీర కొన్నానా, నగ సేయించానా? దానికి నాను సేసింది ఈ ఒక్క పనే" అన్నాడు.  ఆయన్ని ఇంకేం తిట్టను?

మర్నాడు సాయంత్రం వాకిట్లో ఇసక మీద కూర్చుని మావయ్య మామూలుగానే చుట్ట చుట్టాడు, వెలిగించాడు. అత్త చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు. నిప్పు కొస తన నోట్లో పెట్టుకుని పెదాలు మూశాడు.

"ఓలమ్మ! ఏటి మావా, ఎర్రెత్తిందేటి నీకు!" అత్త ఒక్క ఉదుటున లేచి ఆ చుట్ట లాగేసింది. మావయ్య కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. దగ్గు ఆగడం లేదు. నేను చెంబుతో నీళ్ళు తెచ్చాను. ఆయన పుక్కిలించి ఉమ్మి, కాలిన నాలుకతో ముద్దముద్దగా అన్నాడు.

"ఇన్నేళ్ళూ... ఇదేటే నాను నీకిచ్చింది?"

అత్త ఆయన గడ్డం పట్టుకుని, "నోరు తెరువు" అంది. నన్ను టార్చి తెమ్మంది. డాక్టరుగారిలాగే వేసి వంగి చూసింది. అంగిట్లో ఒక బొబ్బ, పెసరగింజంత. దాన్ని చూసి మా అత్త బావురుమంది. తన నోట్లో ముక్క కోసినప్పుడు కూడా చుక్క కన్నీరు రాల్చని మనిషి, మొగుడి నోట్లో పెసరగింజంత బొబ్బ చూసి వెక్కివెక్కి ఏడ్చింది.

కాసేపటికి కొంగుతో ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"నా నోట్లోనా ఇలాగే ఉందేటే?"

"ఇంతకన్నా శానా ఎక్కువుందత్తా."

"మరి సెప్పవేటే!" అని నా మీద విరుచుకుపడింది. అన్నాళ్ళుగా నేను గోడకి చెప్పుకున్నట్టు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆమెని కౌగిలించుకున్నాను. అత్త విడిపించుకుని, ఆ చుట్టని ఇసకలో కాలితో తొక్కేసింది. బొడ్లో దోపుకున్న పొగాకు కట్ట తీసి నా చేతిలో పెట్టింది.

"పొయ్యిలో ఎట్టీ. రేపు పొద్దున్నే ఆ డాట్టరు కాడికెల్దాం. ముందు మీ మావయ్య నోరు సూపించాల. నాది తరవాత."