వేళ కాని ఖర్జూరం

వీధంతా మిషనక్క అని పిలిచే ఆ దర్జీ మనిషికి అబద్ధాలాడే అలవాటు లేదు. సాయంత్రం ఇస్తానన్న జాకెట్టు మర్నాడు ఇవ్వడం అబద్ధం కిందికి వస్తే తప్ప. అలాంటి మనిషి రంజాన్ మాసంలో, కన్నతల్లి దగ్గరే, కావాలని ఒక అబద్ధం ఆడింది.

తల్లికి చక్కెర జబ్బు, చూపు మసక, చెవి మందం. రోజా ఉపవాసం ఉండొద్దని డాక్టరు చెప్పాడు. రోజుకొక పేదకు అన్నం పెడితే చాలని ఇమామ్ సాబ్ కూడా చెప్పాడు. ఆవిడ పట్టిన పట్టు విడవలేదు. ఒక మధ్యాహ్నం కునుకులోనే ఒళ్లంతా చెమటలు పట్టి వణకసాగింది. కూతురు కంగారుగా వెలుతురు రాకుండా కిటికీ మూసి, ఆమెను లేపి, సాయంత్రం అజాన్ అయింది, ఇక రోజా విడవొచ్చని చెప్పింది.

కానీ ఆ తల్లి, ఖర్జూరం ముందు కూతురి నోట్లో పెట్టందే తను ముట్టదు. వణికే వేళ్లు కూతురి పెదాల దాకా వచ్చాయి. వద్దంటే గుట్టు రట్టవుతుంది. కూతురు నోరు తెరిచి, తన రోజాను చేజేతులా పోగొట్టుకుంది. తల్లి తిని తెరిపిన పడి, ఈ రోజు కూడా నిలబెట్టుకున్నానని మురిసిపోయింది. ఆ మురిపెం చూడలేక కూతురు మొహం తిప్పుకుంది.

కూతురు వెళ్లి జరిగిందంతా చెబితే ఇమామ్ సాబ్ ఓపిగ్గా విన్నాడు. తల్లిది జబ్బు, ఆమెకు పాపం లేదు, ఆ రోజుకు ఒక పేదకు అన్నం పెడితే సరిపోతుందన్నాడు. కూతురు మాత్రం ఆ రోజాకు బదులు మరొకటి ఉండి, ఆపైన కఫ్ఫారాగా, అంటే చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తంగా, రెండు నెలలు వరసగా ఉండాలన్నాడు. నెలసరి రోజులు తప్ప మధ్యలో తెగకూడదు. తను కూడా అన్నమే పెడతానని ఆమె బతిమాలింది.

"ఒంట్లో శక్తి ఉన్నవాళ్లకు అలా తీరదమ్మా," అన్నాడాయన.

పండగ వెళ్లాక మొదలుపెట్టింది. దారం కొస నోట తడపబోయి చేయి వెనక్కి తీసుకునేది. ఆకలిని ఎలాగో ఓర్చుకుంది. ఇప్పుడెందుకే ఈ రోజాలని తల్లి రోజూ అడగడమే ఓర్చుకోలేకపోయింది. చివరికి ఆమె ఒళ్లో తల పెట్టి ఏడుస్తూ అంతా చెప్పేసింది.

తల్లి తిట్టలేదు. తల నిమిరింది. "నా ప్రాణం కోసమే కదే చేశావు," అంది. వచ్చే ఏడు నుంచి తను రోజాలు మాని, పేదలకు అన్నం పెడతానని ఒప్పుకుంది కూడా. కూతురి గుండె బరువు దిగింది.

ఆ సాయంత్రం అజాన్ వినపడగానే అయిందమ్మా అంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. తల్లి ఖర్జూరం తీసింది. ఎత్తిన చెయ్యి సగంలో ఆగింది. గుమ్మం వైపు తిరిగి పక్కింటావిడను కేకేసింది.

"అమ్మాయ్, అజాన్ అయిందా?"

అయిందని పక్కింటావిడ గట్టిగా చెప్పాకే, ఖర్జూరం కూతురి నోటికి అందింది.